దోమ గుట్టు విప్పిన డాక్టర్ ఫిన్లే

ఒకప్పుడు అమెరికా ఖండాల రేవు పట్నాలను గడగడలాడించిన జబ్బు పచ్చ జ్వరం. ఒళ్లు పసుపుపచ్చగా మారి, నల్లని వాంతులై, రోగి కొద్ది రోజుల్లోనే కన్నుమూసేవాడు. ఆ జ్వరాన్ని మోసుకొచ్చేది దోమేనని చెప్పిన డాక్టర్ కార్లోస్ ఫిన్లే మాటను లోకం దాదాపు 20 ఏళ్లు చెవిన పెట్టలేదు.

ఫిన్లే 1833 డిసెంబరు 3న క్యూబా దీవిలో పుట్టారు. చిన్ననాటి జబ్బు వల్ల ఆయనకు మాట తడబడేది. 1855లో అమెరికాలో వైద్యం చదువు ముగించారు. తర్వాత క్యూబా రాజధాని హవానాలో స్థిరపడ్డారు.

చెడుగాలి వల్ల, రోగి పక్కబట్టల వల్ల ఈ జ్వరం వస్తుందని అప్పట్లో నమ్మకం. ఫిన్లే అనుమానం మాత్రం ఇళ్లలోని నిలవ నీటిలో పెరిగే ఒక దోమ మీద పడింది. నల్లని ఒంటి మీద తెల్లచారలుండే ఆ దోమే ఈడిస్. 1881 ఆగస్టులో హవానా శాస్త్ర అకాడమీలో ఆ సంగతి వివరించారు. పెద్దలు నమ్మలేదు. ఆయన ప్రయోగాలూ వారిని ఒప్పించలేకపోయాయి. రోగి రక్తం తాగిన దోమలో విషక్రిమి పెరిగి లాలాజలానికి చేరడానికి సుమారు 12 రోజులు పడుతుంది. ఫిన్లే అంతకు ముందే దోమలతో కుట్టించారు. అదే లోపం.

1900లో వాల్టర్ రీడ్ నాయకత్వాన అమెరికా సైనిక వైద్యులు హవానా వచ్చారు. ఫిన్లే తాను దాచిన దోమ గుడ్లు వారికిచ్చారు. ఆ పరిశోధనలో డాక్టర్ జెస్సీ లాజియర్ 34వ ఏట పచ్చ జ్వరానికే బలయ్యారు. ఫిన్లే మాట నిజమని తేలింది. నీటి తొట్లకు మూతలు పెట్టించి, మురుగుపై కిరసనాయిలు చల్లించగా 1901లోనే హవానాలో జ్వరం అణగిపోయింది. 1902లో ఫిన్లే క్యూబా ప్రధాన ఆరోగ్యాధికారి అయ్యారు. 1915 ఆగస్టు 20న కన్నుమూశారు.

ఈ జ్వరం కోతులకూ వస్తుందని తర్వాత తెలిసింది. అడవిలో చెట్టు తొర్రల నీటిలో పెరిగే వేరే దోమలు దానిని కోతి నుంచి కోతికి అంటిస్తాయి. కలప కొట్టేవారిని అవి కుడితే జ్వరం ఊరికి చేరుతుంది. ఊళ్లో ఈడిస్ దోమ మనిషి నుంచి మనిషికి పాకిస్తుంది.

మన దేశంలో పచ్చ జ్వరం లేదు. ఈడిస్ దోమ మాత్రం ఉంది. డెంగీ, చికున్‌గున్యా దాని పనే. వరి మళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ కొంగలు, పందుల నుంచి పిల్లలకు మెదడువాపు తెస్తుంది. ఈడిస్ పగలు కుడుతుంది, క్యూలెక్స్ రాత్రి కుడుతుంది. అందుకే తొట్లను వారానికోసారి ఎండగట్టాలి. పందుల దొడ్లను ఇళ్లకు దూరంగా ఉంచాలి. రాత్రి దోమతెర కట్టుకోవాలి.