ఎవరి నకలూ కాని సత్యభామ: స్థానం నరసింహారావు

1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేయాల్సిన రోజు చంద్రమతి వేషగాడు రాలేదు. ఆట ఆగిపోయే పరిస్థితి. అప్పుడు ఆ ఊరి కుర్రాడే ఒకడు చీర కట్టుకుని స్టేజీ ఎక్కాడు. వయసు పద్దెనిమిదేళ్ళు. పేరు స్థానం నరసింహారావు. ఒకరి బదులు నిలబడిన ఆ కుర్రాడు తర్వాత ఎవరూ బదులు నిలబడలేని నటుడయ్యాడు.

ఆయన 1902 సెప్టెంబర్ 23న బాపట్లలో పుట్టారు. పేరొచ్చింది మాత్రం తెనాలిలో, శ్రీరామ విలాస సభ నాటకాలతో. చిత్రాంగి, దేవదేవి, మధురవాణి, రోషనార, అన్నిటికీ మించి సత్యభామ. ఆ రోజుల్లో మంచి కుటుంబాల ఆడవాళ్ళు స్టేజీ ఎక్కడం తప్పుగా చూసేవాళ్ళు కాబట్టి మగవాళ్ళే ఆడవేషాలు కట్టేవారు. మరాఠీలో బాలగంధర్వ, గుజరాతీలో జయశంకర్ సుందరి ఇలాగే వెలిగారు. పార్సీ కంపెనీల ఉర్దూ నాటకాల్లోనూ ఇదే పద్ధతి.

అందుకే స్థానం పేరెత్తితే తెలుగు బాలగంధర్వ అనేస్తుంటారు. మనవాళ్ళకు ఇదో అలవాటు. రేపల్లెలో పుట్టిన చిత్తూరు నాగయ్యనూ హాలీవుడ్ నటుడు పాల్ మునితో పోల్చారు. పొగడ్తే, కాదనలేం. కానీ అందులో ఇది నకలు అనే చిన్న మాట కూడా దాక్కుని ఉంటుంది. స్థానం విషయంలో ఆ పోలిక అతకదని నా అభిప్రాయం. బాలగంధర్వ బలం ప్రధానంగా పాట. స్థానం బలం చూపు, నడక, మెడ తిప్పే తీరు. శ్రీకృష్ణ తులాభారంలో 'మీరజాలగలడా' పాట ఆయన సొంతంగా రాసుకున్నదే. పల్లవిని మళ్ళీ మళ్ళీ పాడుతూ ఒకసారి గర్వం, ఒకసారి అనుమానం, ఇంకోసారి బెదిరింపు, ఇలా ప్రతిసారీ వేరే భావం పలికించేవారు. జనం నవ్వేవారు కూడా. అయితే ఆ నవ్వు సత్యభామ అతిశయం చూసి వచ్చింది, చీర కట్టిన మగాణ్ణి చూసి కాదు. ఈనాటి టీవీ కామెడీల్లో లేడీ గెటప్ చూస్తే ఈ తేడా ఇట్టే తెలిసిపోతుంది. అక్కడ వేషమే జోకు.

ఆయన వేషాలు ఒకదానికొకటి నకలుగా కూడా ఉండేవి కావు. సత్యభామ కోపం వేరు, మధురవాణి చతురత వేరు. కన్యాశుల్కంలో అందరినీ ఆట పట్టించే ఆ వేశ్య పాత్రను చౌకబారుగా చేయడం చాలా తేలిక. ఆయన ఆ దారి పట్టలేదు.

రోషనార దగ్గర మాత్రం మన పాఠకులకు ఒక మాట చెప్పాలి. కొప్పరపు సుబ్బారావు రాసిన ఆ నాటకంలో షాజహాన్ కూతురు శివాజీని ప్రేమిస్తుంది. చరిత్రలో దీనికి ఆధారం లేదు. అసలు రోషనారా బేగం తండ్రి సింహాసనం కోసం అన్నదమ్ములు కొట్టుకున్నప్పుడు ఔరంగజేబు పక్షాన నిలబడిన రాజకీయవేత్త. ఢిల్లీలో తాను వేయించుకున్న రోషనారా బాగ్‌లోనే ఆమె సమాధి ఉంది. ముస్లిం ఇళ్ళల్లో ఆ కథ నచ్చకపోవడంలో ఆశ్చర్యం లేదు. నటుడు ఎంత గొప్పగా చేస్తే కల్పన అంత నిజంలా కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే. ఆ తప్పు రచనది. అయినా స్థానం ప్రతిభ దాన్ని ఊరూరా తిప్పిందన్నదీ నిజమే.

1956లో పద్మశ్రీ వచ్చింది. తన అనుభవాలను 'నటస్థానం' పేరుతో పుస్తకంగా రాశారు. 1971 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

అంతకు ఐదేళ్ళ ముందు, 1966లో, శ్రీకృష్ణ తులాభారం సినిమా వచ్చింది. సత్యభామ జమున. ఆమె పెరిగింది తెనాలి పక్కనే ఉన్న దుగ్గిరాలలో. స్థానం రాసిన పాటనే సుశీల పాడగా, ఆ వాలుజడ విసురు, ఆ ఓరచూపు జమున తెరమీద చూపించింది. ఆడవాళ్ళను చూసి ఒక మగాడు నేర్చుకున్న హొయలను మళ్ళీ ఒక ఆడమనిషి అందుకుంది. ఇందులో అసలు ఎవరు, నకలు ఎవరు అంటే తెనాలి నాటకాల వాళ్ళు ఇప్పటికీ తేల్చలేరు.