మెడోస్ టేలర్ – దక్కను శిలాసమాధుల తొలి పరిశోధకుడు

దక్కను పీఠభూమిలో పొలాల నడుమ, గుట్టల వాలున వలయాకారంగా పేర్చిన పెద్ద బండరాళ్ళు అనేక చోట్ల కానవస్తాయి. తెలంగాణ పల్లెల్లో వీటిని రాకాసి గుళ్ళంటారు. మనుష్యమాత్రుడు ఎత్తలేని బండలను ఏ రాక్షసులో ఎత్తి ఉంటారని ప్రజల విశ్వాసం. అవి రాక్షస కృత్యాలు కావనీ, ప్రాచీన మానవుల సమాధులనీ గ్రహించి, శ్రద్ధతో త్రవ్వించి, కొలతలు వేసి, పటాలు గీసి లోకానికి తెలియజేసిన తొలి పరిశోధకులలో అగ్రగణ్యుడు ఫిలిప్ మెడోస్ టేలర్. ఆయన ఆంగ్లేయుడైనా, జీవితంలో అధిక భాగం నిజాం ప్రభువు కొలువులోనే గడిపాడు.

ఆయన పరిశోధనకు ముఖ్యక్షేత్రాలైన జేవర్గి, సురపురం ప్రాంతాలు హైదరాబాదు సంస్థానంలోని గుల్బర్గా జిల్లాలో ఉండేవి. నేడు వికారాబాదు జిల్లాలో ఉన్న మన తాండూరు కూడా 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఆ గుల్బర్గా జిల్లాలోని తాలూకాయే. కనుక టేలర్ చరిత్ర మనకు పొరుగింటి చరిత్ర వంటిది.

టేలర్ 1808 సెప్టెంబరు 25న ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో జన్మించాడు. తండ్రి వర్తకుడు. వ్యాపారం దెబ్బతినడంతో కుటుంబం కష్టాల పాలయింది. బొంబాయిలోని ఒక వర్తకుని వద్ద భాగస్వామి కాగలడన్న ఆశతో 1824లో, పదిహేనేళ్ళ ప్రాయంలో, ఆ బాలుడు ఓడనెక్కాడు. తీరా వచ్చి చూస్తే ఆ వర్తకుని పరిస్థితే అంతంతమాత్రం. అయితే బంధువుల పలుకుబడి వల్ల అదే సంవత్సరం నిజాం సైన్యంలో ఉద్యోగం లభించింది. పాఠశాల చదువు అసంపూర్ణంగా మిగిలిన ఆ యువకుడు నిరుత్సాహపడక ఉర్దూ, పారసీ భాషలను పట్టుదలతో అభ్యసించాడు. స్వల్పకాలంలోనే సైనిక న్యాయస్థానంలో దుబాసీగా వ్యవహరించగల పాండిత్యం సంపాదించాడు. హైదరాబాదులో ప్రసిద్ధి చెందిన విలియం పామర్ కుమార్తె మేరీని వివాహమాడాడు.

కొంతకాలం ఆయన జిల్లా పోలీసు అధికారిగా పనిచేశాడు. ఆ ఉద్యోగంలో థగ్గుల నేరాలను గూర్చి విన్న వాఙ్మూలాల ఆధారంగా ఒక థగ్గు ఆత్మకథ రూపంలో నవల రచించాడు. 1839లో వెలువడిన ఆ గ్రంథం ఆయనకు ఇంగ్లండులో గొప్ప కీర్తి తెచ్చింది. థగ్గులను గూర్చి ఆనాటి తెల్లదొరలు చెప్పినదంతా యథార్థమా అని నేటి చరిత్రకారులు ప్రశ్నిస్తున్నా, రచయితగా టేలర్ ప్రతిభను కాదనేవారు అరుదు.

1842లో సురపురం సంస్థానాధీశుడు మరణించగా, ఆయన కుమారుడు వెంకటప్ప నాయకుడు పసివాడు. సంస్థానంలో వారసత్వ కలహాలు, అప్పులు, అరాచకం పెచ్చుమీరి ఉన్నాయి. ఆ పరిస్థితిని చక్కదిద్దే బాధ్యత టేలర్‌పై పడింది. 1853 వరకు ఆయన అక్కడ ఉండి చెరువులు బాగుచేయించాడు, బాటలు వేయించాడు, భూములు కొలిపించాడు. ఇంజనీరింగు, సర్వే విద్యలను ఎవరి వద్దనూ నేర్వలేదు. గ్రంథాలు చదివి స్వయంగా అభ్యసించాడు. ప్రజలు ఆయనను మహాదేవ బాబా అని పిలుచుకొన్నారు. ఆయన నివసించిన భవనం నేటికీ టేలర్ మంజిల్ అన్న పేరుతో సురపురంలో నిలిచి ఉంది.

ఈ కాలంలోనే ఆయన దృష్టి శిలాసమాధులపై పడింది. రాజనకోళూరు వద్ద నాలుగు వైపుల రాతి పలకలు నిలిపి, పైన మరొక పలక కప్పిన కట్టడాలను ఆయన పరిశీలించాడు. కొన్నింటిలో ఒకవైపు పలకకు గుండ్రని రంధ్రం తొలిచి ఉంది. నాపరాయి గనులకు పేరుపొందిన తాండూరు వాసులకు ఇట్టి పలకలను ఊహించుకోవడం కష్టం కాదు. మోరీలనే మరుగుజ్జులు వీటిని కట్టుకొన్నారని అచ్చటి గ్రామస్థులు చెప్పుకొనేవారు. విభూతిహళ్ళి వద్ద విశాలమైన మైదానంలో వరుసలు తీర్చిన బండరాళ్ళను ఆయన నమోదు చేశాడు. భీమానదీ ప్రాంతంలోని జేవర్గి వద్ద రాతి వలయాలను త్రవ్వించగా అస్థిపంజరాలు, మట్టి పాత్రలు, ఇనుప ఆయుధాలు బయటపడ్డాయి.

ఆనాడు ప్రాచీన సమాధులను త్రవ్వినవారిలో పెక్కుమంది వస్తువులను ఏరుకోవడంతో తృప్తి చెందేవారు. టేలర్ అట్లు చేయలేదు. సమాధిని నిలువునా కోసినట్లుగా చూపే పటాలు గీశాడు. ఏ మట్టి పొర దేనిపై ఉన్నదో, ఏ వస్తువు ఎంత లోతున ఏ స్థితిలో లభించిందో అందులో గుర్తించాడు. ఈ విషయాలపై 1850 ప్రాంతంలో బొంబాయిలోని విద్వత్సభ పత్రికలోను, తరువాత ఐర్లండు రాజ విద్వత్సంస్థ సంపుటంలోను వ్యాసాలు ప్రకటించాడు.

అయితే ఆయన చేసిన నిర్ణయాలన్నీ నిలువలేదు. ఐర్లండులోను, ఫ్రాన్సులోను ఇటువంటి శిలానిర్మాణాలు ఉండడం వల్ల, పశ్చిమాసియా నుండి వచ్చిన శకజాతివారో, డ్రూయిడ్ మతస్థులో వీటిని నిర్మించి ఉంటారని ఆయన భావించాడు. తలలు వేరుపడిన అస్థిపంజరాలను చూసి నరబలి జరిగిందని ఊహించాడు. ఇవి ప్రధానంగా క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్దికి చెందిన ఇనుపయుగపు దక్కను ప్రజల సమాధులని, డ్రూయిడ్లతో వీటికి సంబంధం లేదని నేటి శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. సిద్ధాంతం కూలిపోయినా ఆయన గీసిన పటాలు మాత్రం చెక్కుచెదరలేదు. దాదాపు నూరేళ్ళ తరువాత భారత పురావస్తు శాఖకు అధిపతిగా వచ్చిన మార్టిమర్ వీలర్ వాటి శాస్త్రీయతను ప్రశంసించాడు.

టేలర్ జీవితంలో అతి విషాదకరమైన ఘట్టం 1858లో సంభవించింది. ఆయన చేతుల మీదుగా పెరిగి, ఆయనను అప్పా అని పిలిచిన వెంకటప్ప నాయకుడు ఆంగ్లేయులపై తిరుగుబాటు చేసి పట్టుబడ్డాడు. టేలర్ కారాగారంలో రాజును కలిసికొన్నాడు. తనవారిని బయటపెట్టడానికి మాత్రం ఆ యువకుడు అంగీకరించలేదు. మరణశిక్ష తగ్గి తుదకు నాలుగేళ్ళ నిర్బంధంగా మారినా, చెంగల్పట్టుకు తరలిస్తుండగా దారిలోనే తుపాకి గుండుతో రాజు మరణించాడు. 1860 సంధి ప్రకారం సురపురం నిజాము రాజ్యంలో కలిసింది. సురపురం ప్రజలు వెంకటప్ప నాయకుని స్వాతంత్ర్య వీరునిగా స్మరిస్తారు. టేలర్ ఆ తిరుగుబాటును అవివేకమనే తలచాడు. ప్రజలను ప్రేమించినా, పరాయి పాలనకు సేవకుడుగా ఉన్నవాని దృష్టికి గల హద్దు అది.

అనారోగ్యంతో 1860లో స్వదేశం చేరిన టేలర్ రచనా వ్యాసంగంలో మునిగిపోయాడు. 1870లో విద్యార్థుల కొరకు భారతదేశ చరిత్ర ప్రకటించాడు. చాంద్ బీబీ కథను నవలగా వ్రాశాడు. 1875లో మరల హైదరాబాదు దర్శించాడు. కాని చూపు మందగించి, ఆరోగ్యం క్షీణించింది. తిరుగు ప్రయాణంలో 1876 మే 13న ఫ్రాన్సు దేశపు మాంతో పట్టణంలో కన్నుమూశాడు. ఆయన ఆత్మకథ మరుసటి సంవత్సరం వెలువడింది.

టేలర్ పట్టభద్రుడు కాడు. ఉద్యోగ బాధ్యతల నడుమ చిక్కిన విరామంలోనే ఇంతటి కృషి చేశాడు. కన్నదానిని కన్నట్లుగా నమోదు చేసిన వాని శ్రమ, అతని అభిప్రాయం తప్పయినప్పటికీ, ముందు తరాలకు ఉపకరిస్తుందని ఆయన జీవితం బోధిస్తున్నది. రాళ్ళ కొరకు, పొలాల కొరకు ప్రాచీన సమాధులు నానాటికీ రూపుమాసిపోతున్న ఈ కాలంలో, విద్యార్థులు తమ గ్రామాల పొలిమేరల్లోని రాతి వలయాలను, శిథిల కట్టడాలను, శాసనాలను గుర్తించి, కొలిచి, వ్రాసిపెట్టడం అవసరం. త్రవ్వకం నిపుణుల పని. గుర్తించి కాపాడటం మాత్రం మనందరి విధి.