సైబీరియా నుంచి టోక్యో దాకా: షేఖ్ అబ్దుర్రషీద్ ఇబ్రాహీమ్ (రహ్మలై)

జపాన్ రాజధాని టోక్యో శివారులో తామా అనే పెద్ద శ్మశానవాటిక ఉంది. అందులో విదేశీయులకు కేటాయించిన భాగంలో కొన్ని ముస్లిం ఖబ్రులు ఉన్నాయి. వాటిలో ఒకటి, అక్కడికి వేల మైళ్ల దూరాన సైబీరియాలో పుట్టిన ఒక ధర్మపండితునిది. ఆయనే షేఖ్ అబ్దుర్రషీద్ ఇబ్రాహీమ్. అరబ్బు, తుర్కీ దేశాల్లో ఆయన పేరు బాగా తెలుసు. మన తెలుగు ముస్లిం కుటుంబాల్లో మాత్రం ఆ పేరు విన్నవారు తక్కువ.

ఆయన తాతార్ ముస్లిం. తాతార్లు తుర్కీ కుటుంబానికి చెందిన భాష మాట్లాడే ప్రజలు. వోల్గా నదీ తీరాన, సైబీరియాలో శతాబ్దాలుగా నివసిస్తున్నారు. 1552లో రష్యా పాలకుడు ఇవాన్ వారి రాజధాని కజాన్‌ను జయించాడు. ఆ తరువాత మస్జిదులు కూల్చారు, ఎందరినో బలవంతంగా క్రైస్తవంలోకి మార్చారు. అయినా ఆ ప్రజలు తమ దీన్‌ను వదల్లేదు. బలవంతాన మారిన కుటుంబాల్లో కొన్ని తరతరాలుగా లోలోపల ముస్లింలుగానే బతికాయి. 1905లో మతస్వేచ్ఛ ప్రకటన వెలువడగానే వేలాది మంది బహిరంగంగా ఇస్లామ్‌లోకి తిరిగి వచ్చారు. మూడు వందల యాభై ఏళ్ల తరువాత! మద్రసాల్లో మనం చదువుకునే చరిత్రలో ఈ సంగతి ఎందుకు కనిపించదో నాకు తెలియదు.

అబ్దుర్రషీద్ 1857లో సైబీరియాలోని తారా పట్టణంలో జన్మించారు. తండ్రి పూర్వీకులు బుఖారా నుంచి వచ్చి స్థిరపడినవారు. తల్లి అఫీఫా బష్కీర్ జాతి స్త్రీ. ఆయన యుక్తవయసులో ఉండగానే తల్లిదండ్రులు కనుమూశారు. ఊరూరా మద్రసాల్లో చదువుతూ, చివరకు మదీనా చేరి కొన్నేళ్లు విద్య నేర్చారు. 1885లో స్వగ్రామానికి తిరిగి వచ్చి దర్స్ మొదలుపెట్టారు.

1892లో ఆయన్ను ఊఫా నగరంలోని ముస్లిం ధార్మిక సభకు ఖాజీగా నియమించారు. గౌరవం, జీతం రెండూ ఉన్న పదవి. కానీ ఆ సభ జార్ ప్రభుత్వం చెప్పుచేతల్లో నడిచేది. అక్కడ ఉండి ముస్లింలకు మేలు చేయలేనని గ్రహించి, కొంతకాలానికే ఆయన రాజీనామా చేశారు. ఇస్తాంబుల్ వెళ్లి, రష్యాలో ముస్లింలకు జరుగుతున్న అన్యాయాలను బయటపెడుతూ ఒక పుస్తకం ప్రచురించారు. 1904లో రష్యా ఒత్తిడి వల్ల ఆయన్ను పట్టి అప్పగించారు. ఒడెస్సా జైలులో పెట్టారు. ముస్లింలు గట్టిగా నిరసన తెలపడంతో విడిచిపెట్టక తప్పలేదు.

మరుసటి ఏడాది, 1905 వేసవిలో, నీజ్నీ నోవ్‌గొరోద్ సంతకు రష్యా నలుమూలల నుంచి ముస్లిం వర్తకులు, ఉలమాలు వచ్చారు. అక్కడ సభ జరుపుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. అప్పుడు వారు ఒక ఆవిరి పడవను బాడుగకు తీసుకున్నారు. ఓకా నదిపై విహారానికి వెళ్తున్నట్టు బయలుదేరి, నీటి మీదే తమ మొదటి మహాసభ జరుపుకున్నారు! క్రిమియాకు చెందిన ఇస్మాయీల్ గస్ప్రిన్‌స్కీ అధ్యక్షత వహించారు. సున్నీ, షియా భేదం లేకుండా అందరూ కూర్చుని తమ హక్కుల గురించి మాట్లాడుకున్నారు. దీనికోసం అందరికన్నా ఎక్కువ తిరిగినవారు అబ్దుర్రషీద్. తరువాత పీటర్స్‌బర్గ్ నుంచి ‘ఉల్ఫత్’ అనే పత్రిక నడిపారు. 1907లో ప్రభుత్వం దాన్ని మూయించింది.

ఇక ఆయన దారి తూర్పుకు మళ్లింది. 1908లో బయలుదేరి సైబీరియా, మంచూరియా మీదుగా 1909 మొదట్లో జపాన్ చేరారు. కొన్ని నెలలు అక్కడ ఉండి పెద్దలతో, విద్యార్థులతో ఇస్లామ్ గురించి మాట్లాడారు. భోపాల్‌కు చెందిన మౌల్వీ బరకతుల్లాహ్ టోక్యోలో ఉర్దూ బోధించడానికి వచ్చింది కూడా ఆ ఏడాదే. అక్కడి నుంచి కొరియా, చైనా, సింగపూర్, జావా, హిందుస్తాన్ మీదుగా అబ్దుర్రషీద్ మక్కా వెళ్లారు. బొంబాయిలో యమఓకా అనే జపాన్ యువకుడు ఆయన్ను కలిసి ఇస్లామ్ స్వీకరించి ఉమర్ అయ్యాడు. ఇద్దరూ కలిసి హజ్ చేశారు. హజ్ చేసిన మొదటి జపాన్ వ్యక్తి అతడే. ఈ ప్రయాణాన్ని షేఖ్ ‘ఆలమె ఇస్లామ్’ అనే రెండు సంపుటాల గ్రంథంలో రాశారు. తుర్కీ మహాకవి మెహ్మెత్ ఆకిఫ్ తన కావ్యంలో సులైమానియా మస్జిద్ వేదికపై ప్రసంగించే వక్తగా చిత్రించింది ఈయననే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఉమర్ యమఓకా వెనుక జపాన్ సైనిక వర్గాల ప్రోత్సాహం ఉంది. ముస్లింల స్నేహం ద్వారా రష్యాను బలహీనపరచాలనీ, ఆసియాలో తమ పలుకుబడి పెంచుకోవాలనీ ఆ వర్గాలు ఆలోచించేవి. అదే జపాన్ 1910లో కొరియాను కలిపేసుకుంది, 1931లో మంచూరియాను ఆక్రమించింది. ఒక సామ్రాజ్యం చేతిలో నలిగిన మనిషి మరో సామ్రాజ్యాన్ని నమ్మడం సరైనదేనా? షేఖ్ ఉద్దేశం ఇస్లామ్ మేలేనని నేను నమ్ముతున్నాను. అయితే జపాన్‌పై ఆయన పెట్టుకున్న ఆశ అతిగా ఉందని కూడా అనుకుంటున్నాను. మహనీయుల జీవితాలు రాసేటప్పుడు ఇలాంటివి వదిలేస్తే పాఠకులకు అన్యాయం చేసినట్టే.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆయన జర్మనీలో బందీలుగా ఉన్న తాతార్ సైనికుల మధ్య పనిచేశారు. యుద్ధం తరువాత రష్యాలో కొన్నేళ్లు గడిపి, తుర్కీ చేరి, కోన్యా ప్రాంతంలో తన జాతి ముహాజిర్లు నివసించే ఒక పల్లెలో ఉన్నారు. కొత్త ప్రభుత్వం ఆయన్ను అనుమానంగానే చూసింది. 1933లో, డెబ్బై ఆరేళ్ల వయసులో, ఆయన మళ్లీ జపాన్ ప్రయాణమయ్యారు.

అప్పటికి జపాన్‌లో కొన్ని వందల మంది తాతార్లు ఉన్నారు. 1917 విప్లవం తరువాత ఇల్లూవాకిలీ వదిలి రైలుమార్గం వెంట హార్బిన్ దాకా, అక్కడి నుంచి జపాన్ దాకా వచ్చినవారు. ఉన్ని గుడ్డల మూటలు భుజాన వేసుకుని ఇంటింటా అమ్మేవారు. ఆ సంపాదనతోనే పిల్లలకు మక్తబ్ పెట్టుకున్నారు. తుర్కీలో 1928లో అరబ్బీ లిపి రద్దయితే, వీరు టోక్యోలో అరబ్బీ అచ్చు అక్షరాలతో ముద్రణాలయం నడిపి, 1934లో దివ్యఖుర్ఆన్ ముద్రించారు. కోబేలో 1935లో మస్జిద్ లేచింది. దానికి హిందుస్తానీ వర్తకులు కూడా ధనసహాయం చేశారు.

ఇంత చిన్న సమాజంలోనూ చీలిక వచ్చింది. బష్కీర్ ఇమామ్ అబ్దుల్‌హయ్ ఖుర్బానలీ ఒక వైపు, రచయిత అయాజ్ ఇస్హాకీ మరో వైపు. 1934లో టోక్యోలో ఒక సభ కొట్లాటగా మారింది. చేతిలో దేశం లేదు, తలదాచుకునే చోటు పరాయిది, అయినా కొట్లాట! టోక్యో మస్జిద్ కోసం ఏళ్లతరబడి శ్రమించిన ఖుర్బానలీని, ప్రారంభోత్సవానికి కొద్దిరోజుల ముందు జపాన్ అధికారులు దేశం నుంచి పంపించేశారు. 1938 మే 12న, హిజ్రీ 1357 రబీవుల్ అవ్వల్ 12న, మస్జిద్ తెరుచుకున్నప్పుడు ఇమామత్ బాధ్యత ఎనభై ఒక్క ఏళ్ల అబ్దుర్రషీద్‌పై పడింది.

చివరి ఏళ్లు ఆయన అక్కడే గడిపారు. నమాజు చేయించారు, ఇస్లామ్ గురించి అడిగి వచ్చిన జపాన్ వారికి బోధించారు. తుర్కీ ఆయన పౌరసత్వాన్ని 1935లోనే రద్దు చేసింది. 1944 ఆగస్టులో, యుద్ధం సాగుతుండగానే, ఆయన టోక్యోలో పరమపదించారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఆయన వెనుక మిగిలిన తాతార్లకు 1950లలో తుర్కీ పౌరసత్వం లభించింది. చాలామంది తుర్కీకి, అమెరికాకు వెళ్లిపోయారు. పాత మస్జిద్ శిథిలమై 1986లో కూల్చివేతకు గురైంది. స్థలాన్ని ఆ తాతార్లే, తిరిగి మస్జిద్ కట్టాలన్న షరతుతో, తుర్కీకి అప్పగించారు. 2000లో అదే చోట ఉస్మానీ శైలి గుంబజ్‌తో కొత్త మస్జిద్ పూర్తయింది.