వెయ్యి పున్నములు చూసిన దర్బారుకు సుల్తానాబాద్ జోహార్లు

వెయ్యి పున్నములు చూసిన పెద్దలకు మన ఇళ్లలో సహస్ర చంద్ర దర్శనం జరుపుతాం. కొత్త బట్టలు పెట్టి, పాదాలకు మొక్కి, పిల్లాజెల్లా అందరం అక్షింతలు వేయించుకుంటాం. ఆ వయసు దాటిన దర్బారు ఒకటి గోదావరికి ఆవలి ఒడ్డున, ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో ఉంది. గోండుల నాగదేవత నాగోబా జాతరలో, అధికారులు ఆదివాసుల అర్జీలు అందుకునేందుకు 1942లో మొదలైన ఆ దర్బారు ఈ పుష్య మాసంతో 84 ఏళ్లు నిండి 85వ ఏట అడుగుపెడుతోంది. ఈ శుభవేళ, జాతరను తరతరాలుగా భుజాన మోస్తున్న మెస్రం వంశస్థులకు, బండ్లు కట్టుకుని తరలివచ్చే యావత్ గోండు సమాజానికి సుల్తానాబాద్ శ్రేయోభిలాషులందరి పక్షాన హృదయపూర్వక శుభాభినందనలు. జై సేవా!

కేస్లాపూర్ పండుగకు సుల్తానాబాద్ ఎందుకు పొంగిపోవాలని ఎవరైనా అడిగితే గోదావరిని చూపిస్తాం. నాగోబాకు అభిషేకం చేసే గంగాజలాన్ని మెస్రం వారు జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తిన మడుగులో ముంచుకుంటారు. ఆ ప్రవాహమే దిగువకు సాగి, ఎల్లంపల్లి దగ్గర మన పెద్దపల్లి జిల్లా పొలాలను పలకరిస్తుంది. పైగా బండి కట్టుకుని వేములవాడకో మేడారానికో పోయి, చెట్టు కింద పొయ్యి రాజేసుకుని, దేవుణ్ని మొక్కి వచ్చిన తరం ఇంకా మన మధ్య ఉంది. మన దగ్గర బండ్ల స్థానంలోకి ట్రాక్టర్లు, డీసీఎంలు వచ్చేశాయి. కేస్లాపూర్ దారిలో మాత్రం ఎడ్ల మెడలో గంటలు ఇప్పటికీ మోగుతున్నాయి. అందుకే ఆ బండ్ల వరుసను తలచుకుంటే మా పెద్దల కళ్లు మెరుస్తాయి.

అమావాస్యకు ఎంతో ముందుగానే ప్రచార ఛకడా బండి ఊళ్లు తిరుగుతుంది. బంధువులందరికీ కబురు చేరుతుంది. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరి చేతుల్లో రూపు దిద్దుకుంటాయి. తెల్లని బట్టలు కట్టిన మెస్రం పెద్దలు, యువకులు గంగాజలం తెచ్చే ఝరి పాత్ర పట్టుకుని, చెప్పులు లేకుండా, రోజుల తరబడి కాలినడకన గోదావరికి పోయి వస్తారు. ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి మొక్కి కేస్లాపూర్ మర్రిచెట్ల నీడకు చేరతారు. అప్పటికే కుటుంబాలు బండ్లలో దిగుతుంటాయి. కాడి దించి, ఎడ్లకు చొప్ప వేసి, బండి కిందనే చాపలు పరిచి చంటిపిల్లల్ని పడుకోబెడతారు. ఆదిలాబాద్ పుష్యమాసపు చలి ఎంతటిదో మనకు చెప్పనక్కర లేదు. ఆ చలిలో, ఆ చెట్ల కింద, చుట్టపక్కాల నడుమ రాత్రులు గడుస్తాయి. అమావాస్య అర్ధరాత్రి గంగాజలంతో మహాపూజ జరుగుతుంది. కొత్త కోడళ్లను తెల్ల చీరల్లో తెచ్చి నాగోబాకు చూపించి, పెద్దల దీవెనలు ఇప్పిస్తారు. భేటింగ్ అనే ఈ వేడుక అయ్యాకే ఆ కోడలు వంశంలో మనిషి. మహాపూజ తర్వాత గోవాడ అనే విడిదిలో బస చేసినప్పుడు ఎన్ని కుటుంబాలు వచ్చినా వంశంలోని 22 కితలకు, అంటే శాఖలకు, 22 పొయ్యిలే; వంతుల వారీగా అందరి వంటా వాటి మీదే. ఇంత మందిని ఇంత ఒద్దికగా నడిపించే కట్టుబాటు ఏ రాతపత్రంలోనూ లేదు. పెద్దల మాట, పిన్నల వినయం దాన్ని నిలబెట్టాయి.

చక్రాల మీద ఇల్లు కట్టుకుని తిరగడం, తోటివారితో ఒకచోట విడిది చేయడం లోకమంతటికీ ముచ్చటే. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే రచయిత గుర్రాలు లాగే ఇంటిబండిలో ఇంగ్లండ్ నుంచి స్కాట్లండ్ దాకా విహరించాడు. అలాంటి అభిరుచి ఉన్నవాళ్లు 1907లో ఇంగ్లండ్‌లో కారవాన్ క్లబ్బు పెట్టుకుని, 2007లో ఘనంగా శతజయంతి చేసుకున్నారు. వారికీ మన నమస్కారాలు. కేస్లాపూర్ విడిదిలో ఆ ఆనందమూ ఉంది, దానితో పాటు దైవమూ బంధుత్వమూ ఉన్నాయి.

ఇక దర్బారు చరిత్ర. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారు ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆశ్రయించింది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. అడవి బిడ్డలు కచేరీల గడప తొక్కలేరు కనుక అధికారులే వారి దగ్గరకు రావాలని, అందరూ ఒకచోట చేరే నాగోబా జాతరే అందుకు తగిన చోటని తలచాడు. అలా 1942లో దర్బారుకు అంకురార్పణ జరిగింది. మరుసటి ఏడే మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. 1940లు ముగిసేలోగా లక్షన్నర ఎకరాలకు పైగా భూమికి ఆదివాసుల పేర పట్టాలు వచ్చాయి. ఆ దంపతుల సమాధులు నేటికీ మార్లవాయిలోనే ఉన్నాయి, ఊరు వారికి ఏటా నివాళులర్పిస్తూనే ఉంది.

దారంతా పూలబాట కాదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పేలిన పోలీసు తుపాకుల గాయం ఈ నేల గుండెల్లో ఇంకా పచ్చిగానే ఉంది. ఆ గాయాన్ని మోస్తూనే ఈ జాతి తన దేవుడి ముందు బండ్లు విప్పింది, తన పిల్లల్ని చదివించుకుంది. తెలంగాణ వచ్చాక నాగోబా జాతర రాష్ట్ర పండుగ అయింది. 2021లో అదే మార్లవాయి ముద్దుబిడ్డ కనకరాజు గుస్సాడీ నాట్యపు అడుగులకు పద్మశ్రీ దక్కింది. దర్బారుకు 80 ఏళ్లు నిండిన 2022 డిసెంబరులో, మెస్రం వంశస్థులు సొంతంగా చందాలు పోగుచేసి కట్టించుకున్న రాతి గుడిలో నాగోబా కొలువుదీరాడు. మా దృష్టిలో అన్ని మైలురాళ్లలోనూ ఇదే మిన్న. చేయి చాచకుండా తమ దేవుడికి తామే గుడి కట్టుకున్న వంశం వెయ్యేళ్లు వర్ధిల్లుతుంది.

మెస్రం పెద్దలకు ఆయురారోగ్యాలు, ఆడపడుచులకు అల్లుళ్లకు సకల సౌభాగ్యాలు, ఝరి మోసే యువకుల పాదాలకు అలుపెరుగని బలం, బండ్లు లాగే మూగజీవాలకు కడుపునిండా మేత నాగోబా ప్రసాదించుగాక! దర్బారు నూరేళ్ల పండుగ 2042లో వస్తుంది. ఆనాటికి కేస్లాపూర్ మర్రుల కింద బండ్ల వరుస ఇంకా పెరిగి ఉంటుందనే మా నమ్మకం.

దర్బారులో కూర్చునే అధికార పెద్దలకు ఒక్క విన్నపం. అక్కడ అందుకున్న ప్రతి అర్జీకి మళ్లీ పుష్య అమావాస్య వచ్చేలోగా జవాబు చెప్పండి. మన సుల్తానాబాద్ సోదరులకు ఇంకొకటి. మంచిర్యాల, జన్నారం, ఉట్నూరు మీదుగా ఈసారి కుటుంబంతో కేస్లాపూర్ వెళ్లండి. బండ్ల విడిదికి దూరంగా వాహనం ఆపి, వారి కట్టుబాటును గౌరవించి, నాగోబాను దర్శించుకుని రండి.