విలియం కేరీ - దైవసంకల్పము, పురుషప్రయత్నము

ఖరగ్‌పూర్ నుండి హౌరా చేరి, అచటినుండి హుగ్లీనది పడమటి గట్టు వెంబడి సుమారు 20 కిలోమీటర్లు పోయినచో శ్రీరాంపూర్ పట్టణము వచ్చును. 1814లో ఆ పట్టణమున ఒక తెలుగు వ్యాకరణము అచ్చయ్యెను. దానిని రచించిన విలియం కేరీ ఆంధ్రదేశమున నివసించినవాడు కాడు; జోళ్లు కుట్టు వృత్తినుండి పండితపదవికి ఎదిగిన ఆంగ్లేయుడు. సర్వమును భగవంతుడు ముందే నిర్ణయించి యుండగా మానవుడు చేయవలసినదేమి? ఆయన జీవితము ఈ ప్రాచీన ప్రశ్నకొక సమాధానమువలె గన్పట్టును.

క్రైస్తవలోకమున ఈ వివాదము ఐదవ శతాబ్దము నాటికే చెలరేగినది. మానవుడు తన స్వేచ్ఛచేతనే సన్మార్గమున నడువగలడని పెలాగియసు వాదించెను. దైవానుగ్రహము లేనిదే సత్సంకల్పము సయితము కలుగదని అగస్టీను సమాధానమిచ్చెను. పదునారవ శతాబ్దమున కాల్విను, తరింపనున్నవారెవరో, తరింపనివారెవరో దేవుడు అనాదిగా నిర్ణయించి యున్నాడని బోధించెను. దైవము, పురుషకారము అను మాటలతో మన పెద్దలు చర్చించినదియు ఇట్టి చిక్కునే.

కేరీ 1761 ఆగష్టు 17వ తేదీన ఇంగ్లండులోని నార్తాంప్టన్ మండలమున ఒక సాలెవాని ఇంట జన్మించెను. యౌవనమున ఆయన చేరిన బాప్టిస్టు శాఖవారు కాల్విను మార్గీయులు. దేవుడెన్నుకొన్నవారిని దేవుడే రక్షించుకొనును గనుక, అందరిని పిలిచి బోధించుట అనవసరమని వారిలో కొందరు తలచెడివారు. మానవుని అశక్తత శక్తిలోపము కాదు, ఇచ్ఛాలోపము. కనుక బాధ్యత తొలగదని ఆండ్రూ ఫుల్లర్ 1785లో ఒక గ్రంథమున నిరూపింప యత్నించెను. కేరీ 1792లో వెలువరించిన చిన్న పుస్తకమున, తగిన సాధనములను వినియోగించుట క్రైస్తవుల విధియని వాదించెను. ఆ ఏటనే అక్టోబరు 2వ తేదీన కెటరింగు పట్టణమున మిషనరీ సంఘమేర్పడెను.

1793లో కేరీ వంగదేశము చేరెను. భార్య డొరతి మొదట ప్రయాణమునకు సమ్మతింపలేదు. తుదకు పసిబిడ్డతో వెంట వచ్చెను. మరుసటి ఏడు అయిదేండ్ల కుమారుడు పీటరు మరణించెను. ఆమె మతి చలించి, కోలుకొనకయే 1807లో కన్నుమూసెను. దైవాహ్వానమని భర్త నమ్మిన మార్గమునకు మూల్యము చెల్లించినది ఆమె. ఒకరి స్వేచ్ఛానిర్ణయము మరియొకరి విధిగా పరిణమించిన ఈ ఘట్టమును ఏ సిద్ధాంతమును తృప్తికరముగ వివరింపజాలదు.

ఏడేండ్లు బోధించినను వంగీయుడొక్కడును మతము స్వీకరింపలేదు. ఈస్టిండియా కంపెనీ మిషనరీలను సహింపనందున, 1800లో కేరీ అప్పటికి డేనుల పాలనలోనున్న శ్రీరాంపూర్‌కు తరలి, మార్ష్‌మన్, వార్డులతో గలిసి ముద్రణాలయము నెలకొల్పెను. ఆ సంవత్సరాంతమున కృష్ణపాల్ అను వడ్రంగి తొలి బాప్తిస్మము పొందెను. 1801లో వంగభాషలో క్రొత్తనిబంధన వెలువడినది; కేరీ ఫోర్ట్ విలియం కళాశాలలో అధ్యాపకుడయ్యెను.

1812 మార్చి 11వ తేదీ రాత్రి ముద్రణాలయము అగ్నికి ఆహుతియయ్యెను. అనేక భాషల అచ్చుదిమ్మెలు కరగిపోయినవి. తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి పూర్తిగా దగ్ధమయ్యెను. ఇది తన్ను వినమ్రుని జేయుటకు దేవుడు పంపిన శిక్షయని కేరీ భావించెను. అట్లు భావించియు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. బూడిదలో మిగిలిన అచ్చు పోతల పనిముట్లతో, కరగిన సీసముతో మరల అక్షరములు పోయబడినవి. కాలిపోయిన వ్యాకరణమును ఆయన తిరిగి వ్రాసెను. పండితుల సాహాయ్యముతో 1818లో తెలుగు క్రొత్తనిబంధనయు అచ్చయ్యెను. శ్రీరాంపూర్ కళాశాల స్థాపితమైనదియు ఆ ఏటనే.

1829 డిసెంబరులో సహగమన నిషేధ శాసనము వంగభాషలోనికి అనువదించుటకై ఒక ఆదివారము ఆయన చేతికందెను. ఎవరి ఆయువు ఎంతవరకో దేవుడెరుగునని నమ్మిన ఆయన, ఒక్క దినము జాగుచేసినను ప్రాణములు పోవునని తలచి, ఆనాటి ఉపన్యాసమును వేరొకరికప్పగించి, సాయంకాలమునకే అనువాదమును ముగించెను.

1834 జూన్ 9వ తేదీన కేరీ శ్రీరాంపూర్‌లోనే దివంగతుడయ్యెను. విధికి, స్వేచ్ఛకు గల ముడిని ఆయన విప్పలేదు. భవితవ్యము భగవంతునకు దెలిసినను మానవునకు దెలియదు. అందుచేత మానవునకు కర్తవ్యము తప్పదని మాత్రము తన పనిచేత చూపెను. అగ్నిలో బడి మరల పుట్టిన తెలుగు వ్యాకరణమే ఇందుకు సాక్ష్యము.