శత్రువుల బిడ్డలకు పాలు

సిరియనులు షోమ్రోనును ముట్టడించినప్పుడు పట్టణములో గాడిద తల సహితము గొప్ప వెలకు అమ్ముడుపోయెనని రాజులు రెండవ గ్రంథములో చదువుచున్నాము. ముట్టడి ఎక్కడ జరిగినను కత్తి పట్టనివారే, తల్లులును పసిబిడ్డలును, మొదట ఆకలికి చిక్కుదురు. ఈ నెల మేము అట్టి బిడ్డల పక్షమున నిలిచిన ఒక స్త్రీని గూర్చి వ్రాయుచున్నాము.

1914లో మొదలైన మహాయుద్ధములో బ్రిటిషు యుద్ధనౌకలు సముద్రమార్గములను మూసివేసెను. జర్మనీ, ఆస్ట్రియా దేశములకు ధాన్యము, కొవ్వు, పాలు దొరకుట దుర్లభమాయెను. 1918 నవంబరు 11న తుపాకులు ఆగెను గాని ఓడల కాపలా ఆగలేదు. జర్మనీ సంధిని అంగీకరించువరకు, అనగా 1919 జూలై వరకు, అది సాగెను. వియన్నా నగరములో ఎముకలు మెత్తబడి నడువలేని పిల్లలు అనేకులుండిరి.

ఎగ్లంటైన్ జెబ్ 1876 ఆగస్టు 25న ఇంగ్లండులోని ఎల్స్‌మియరులో కలిగిన కుటుంబమున పుట్టెను. ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివి బడిపంతులమ్మగా చేరెను గాని, ఆ పని సరిపడక కొద్దికాలములోనే మానుకొనెను. పెండ్లి చేసికొనలేదు, కన్నబిడ్డలు లేరు. పిల్లల పనికి ఒకరిని ఎన్నుకొనుమని మనలనడిగియుంటే ఈమె పేరు మనకు తట్టియుండదు. అయితే 1913లో ఆమె బాల్కను యుద్ధములవలన ఇండ్లు విడిచినవారికి సహాయద్రవ్యము తీసికొని మాసిడోనియాకు వెళ్లి, వారి అవస్థను కన్నులార చూచెను.

ఆమె చెల్లెలు డొరొతీ బక్స్‌టన్ యుద్ధకాలములో అనుమతి పొంది శత్రుదేశముల పత్రికలను తెప్పించి, వాటిని అనువదించి ప్రకటించుచుండెను. అక్క కూడ ఆ పనిలో చేయి వేసెను. ఆ విధముగా ఇతరులెరుగని ఆకలి సంగతులు వారికి తెలిసెను.

1919 వసంతకాలమున జెబ్ లండనులోని ట్రఫాల్గర్ స్క్వేరులో కరపత్రములు పంచెను. ఆకలితో ఎండిపోయిన ఆస్ట్రియా బిడ్డ బొమ్మ వాటిమీద నుండెను. ప్రభుత్వ అనుమతి లేకుండ వాటిని అచ్చువేసినందుకు పోలీసులు ఆమెను పట్టుకొనిరి. మే నెలలో విచారణ జరిగెను. ఆమె వకీలును పెట్టుకొనక తానే మాటలాడెను. చట్టమును మీరితినని ఒప్పుకొని, బిడ్డలు చచ్చుచుండగా ఊరకుండుట తగునా అని న్యాయస్థానమునే ఆలోచింపజేసెను. అయిదు పౌనుల జుల్మానా పడెను. ఆమెకు విరోధముగా వాదించిన సర్ ఆర్చిబాల్డ్ బాడ్కినే తన జేబులోనుండి అయిదు పౌనులు తీసి ఆమె చేతిలో పెట్టెను! ఆమె ఆ సొమ్మును బిడ్డల కొరకైన నిధిలో వేసెను.

మే 19న ఆల్బర్ట్ హాలులో సభ కూడెను. శత్రువుల పిల్లలకు సహాయమా అని కొందరు కుళ్లిన పండ్లు విసరుటకు తెచ్చుకొనిరని చెప్పుదురు. బిడ్డల స్థితిని ఆమె వివరించిన పిమ్మట సభవారి మనస్సు తిరిగెను. సేవ్ ద చిల్డ్రన్ ఫండ్ ఆ విధముగా లోకమునకు తెలియవచ్చెను. మొదటి దినములలో ఆ నిధివారు అన్నిచోట్లను స్వంతముగా వంటశాలలు పెట్టక, క్వేకరుల వంటి పనివారు ముందే ఉన్నచోట వారికే డబ్బు పంపిరి. ఇది మాకు మిక్కిలి తెలివైన పనిగా తోచుచున్నది. ఎరిగినవాని చేతిలో గరిట త్వరగా తిరుగును గదా.

ఆమె ఇంగ్లండు సంఘపు విశ్వాసురాలైనను, సహాయము కొరకు పోపు పదునైదవ బెనెడిక్టునకు కూడ మనవి పంపెను. హేరోదు చంపించిన బేత్లెహేము శిశువులను తలంచుకొను దినమైన డిసెంబరు 28న, 1919లో, పోపు తన సంఘములన్నిటిలో ఆకలిగొన్న బిడ్డల కొరకు చందా పట్టించెను. ఇంగ్లండులోని ఇతర సంఘములును చేయి కలిపెను. మన కానుక పళ్లెములకు ఇట్టి చరిత్ర ఉన్నదని ఎందరికి తెలియును?

1921లో రష్యాలో ఓల్గా నదీతీరమున ఘోరమైన కరువు వచ్చినప్పుడు, బోల్షివికుల దేశమునకు తిండి పంపుచున్నారని కొన్ని పత్రికలు నిందించెను. అయినను ఆ సెప్టెంబరులో లండను నుండి ఆహారపు ఓడ బయలుదేరెను. సరాటవు ప్రాంతమున వంటశాలలు తెరచి లక్షలాది బిడ్డలకు అన్నము పెట్టిరి.

తరువాత ఆమె బిడ్డల హక్కులను అయిదు చిన్న వాక్యములుగా కూర్చెను. ఆపద వచ్చినప్పుడు బిడ్డకే మొదట సహాయమందవలెననునది వాటిలో ఒకటి. 1924 సెప్టెంబరులో నానాజాతిసమితి వాటిని అంగీకరించెను.

గొంతు గ్రంథి వ్యాధిచే ఆమె ఏండ్ల తరబడి బాధపడి, 1928 డిసెంబరు 17న జెనీవాలో ఏబది రెండవ ఏట మృతినొందెను. ఆమెను అక్కడనే పాతిపెట్టిరి. 2024లో జెనీవావారు ఆమె అస్థికలను తమ ఘనులను ఉంచు శ్మశానమునకు మార్చిరి.