ఇసుక మీద ఆనకట్ట: కాటన్ దొర జీవితం

మాది ఉండి. వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో వేంకటేశ్వరస్వామి పటం పక్కనే కోటు తొడుక్కున్న ఒక తెల్లదొర పటం ఉంది. మా తాతయ్య పొద్దున్నే పొలం వెళ్లబోతూ ఇద్దరికీ కలిపి ఒకే దణ్ణం పెడతాడు. చిన్నప్పుడు ఆ దొర కూడా దేవుళ్లలో ఒకడనే అనుకునేవాణ్ణి.

హాస్టల్లో ఈ సంగతి చెబితే ఒక మిత్రుడు ఫక్కున నవ్వాడు. ఆ దొర కుంపిణీ నౌకరు, శిస్తు పెరుగుతుందనే ఆనకట్ట కట్టించారు, పైగా ఆయన పరమ క్రైస్తవుడు, మీ తాత దణ్ణం ఎవరికి పెడుతున్నాడో తెలిసే పెడుతున్నాడా అని నిలదీశాడు. నాకు జవాబు తోచలేదు. సైన్సు విద్యార్థిని, వాదించడం చేతకాదు. ఊరుకోలేక లైబ్రరీలో కూచుని కాటన్ దొర జీవితం చదివాను. నాకు దొరికిన జవాబునే ఈ సంచికలో మిత్రులందరి ముందూ పెడుతున్నాను.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లీషు కుటుంబంలో పుట్టాడు. పదకొండు మంది అన్నదమ్ముల్లో ఒకడు. చిన్నతనంలోనే సైనిక విద్యకు వెళ్లి, 1821లో మద్రాసు ఇంజనీర్ల దళంలో పనిచేయడానికి మన దేశం వచ్చాడు. అప్పటికి సరిగ్గా మన వయసు కుర్రవాడు. కొద్దికాలానికే బర్మా యుద్ధానికీ వెళ్లాడు. యవ్వనంలోనే ఆయనకు క్రైస్తవ విశ్వాసం బలంగా కుదిరింది. అది ఆదివారం నాటి ప్రార్థనతో సరిపెట్టుకునే భక్తి కాదు. చేసే ప్రతి పనికీ పైన ఒకరికి లెక్క చెప్పుకోవాలన్న భక్తి.

ఆయనకు మొదటి పెద్ద పని కావేరి మీద దొరికింది. అక్కడ కొల్లిడం పాయలోకి నీళ్లన్నీ జారిపోయి తంజావూరు ఎండిపోతోంది. చోళరాజు కరికాలుడు కట్టించాడని చెప్పే పాత ఆనకట్టను ఆయన శ్రద్ధగా పరిశీలించాడు. రాతి పునాది దొరకని చోట, వదులు ఇసుక మీదే గోడ నిలబెట్టడం మన పూర్వులకు తెలుసునని గ్రహించాడు. దొరతనం అడ్డు రాకుండా ఆ విద్య నేర్చుకున్నాడు, నేర్చుకున్నానని ఒప్పుకున్నాడు కూడా. 1836లో మొదలుపెట్టి రెండేళ్లలో కొల్లిడం మీద ఎగువ ఆనకట్ట కట్టాడు.

తర్వాత జబ్బు చేసి టాస్మానియా దీవికి వెళ్లవలసి వచ్చింది. అక్కడే 1841లో పెళ్లి చేసుకున్నాడు. తిరిగి వచ్చాక విశాఖపట్నంలో కొంతకాలం ఉండి, 1844 నాటికి రాజమండ్రి జిల్లాకు చేరాడు.

ఈ రోజు పచ్చగా కనిపించే మన సీమ అప్పుడెలా ఉందో చదివితే గుండె చెరువవుతుంది. 1832-33లో ఘోరమైన కరువు. 1839లో కోరంగి వైపు తుఫాను, ఉప్పెన. 1821లో 7,38,308 మంది ఉన్న రాజమండ్రి జిల్లాలో 1841 నాటికి 5,61,041 మందే మిగిలారు. చచ్చినవాళ్లు చావగా మిగిలినవాళ్లు వలస పోయారు. విచిత్రమేమంటే, ఇంత కరువులోనూ గోదావరి నిండుగా పారి సముద్రంలో కలిసిపోతూనే ఉంది. ఒడ్డున నిలబడి దాహంతో చావడమంటే ఇదే.

కాటన్ గుర్రమెక్కి డెల్టా అంతా తిరిగాడు. ఆయన చూసిన సంగతి సైన్సు చదివేవాళ్లకు సులభంగా అర్థమవుతుంది. ఏటా వరద తెచ్చే ఒండ్రు ముందుగా ఒడ్డునే పడుతుంది. అంచేత డెల్టాలో నది పక్కన నేల ఎత్తుగా ఉండి, దూరం పోయేకొద్దీ పల్లమవుతుంది. డెల్టా మొదట్లో నీటిమట్టాన్ని కొద్దిగా పైకి లేపితే చాలు, యంత్రం, ఏతం అక్కర్లేకుండా నీళ్లు వాటంతట అవే పొలాలకు నడుస్తాయి. మెరకల మీద పంట కాలువలు, పల్లాల్లో మురుగు కాలువలు తవ్వాలి. గోదావరి, కృష్ణ డెల్టాల నడుమ ఉన్న పల్లమే మన కొల్లేరు.

లెక్క తేలికే గాని, ఒప్పించడమే బ్రహ్మప్రళయం అయింది. కుంపిణీవారికి యుద్ధాలకు డబ్బుంది గాని కాలువలకు లేదు. అంత వెడల్పు నదికి, అదీ ఇసుకలో, అడ్డుకట్ట నిలుస్తుందా అని అనుమానించినవాళ్లు చాలామంది. కాటన్ మొహమాటం లేకుండా పైవాళ్లకు నివేదికల మీద నివేదికలు రాశాడు. నీళ్లు సముద్రం పాలు చేసి ప్రజల్ని కరువుకు వదలడం పాలకుల తప్పేనన్నాడు. ఆ మాటలతో శత్రువులూ పెరిగారు. చివరికి 1846 ఆఖరులో లండన్ నుంచి అనుమతి వచ్చింది.

1847లో పని ప్రారంభమైంది. అడిగినంత మంది ఇంజనీర్లను ఇవ్వలేదు. ధవళేశ్వరం కొండ పగలగొట్టి రాయి తీశారు. ఇసుకలో బావులు దింపి, వాటి మీద కట్టుబడి లేపి, చుట్టూ రాళ్లు పరిచారు. లంకల్ని కలుపుకుంటూ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఆనకట్ట సాగింది. కూలీలను సమకూర్చి పని నడిపించడంలో మన తెలుగువాడు వీణెం వీరన్నగారు కుడిభుజంగా నిలిచాడు. ఆయనకు తర్వాత రాయబహద్దరు బిరుదు వచ్చింది. ఎండలో రాళ్లు మోసిన వేలాది కూలీల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. తాతయ్య పెట్టే దణ్ణంలో వాళ్లకూ వాటా ఉండాలని నా ఉద్దేశం.

పని మధ్యలోనే 1848లో ఆయన ఆరోగ్యం మళ్లీ చెడింది. కెప్టెన్ ఆర్‌కు పని అప్పగించి ఆస్ట్రేలియా వెళ్లాడు. ఎవరైనా అంతటితో సెలవు తీసుకుని ఇంటికి పోయేవారే. ఆయన 1850లో మళ్లీ ధవళేశ్వరమే వచ్చాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

బైబిలులో ఇసుక మీద ఇల్లు కట్టినవాడు బుద్ధిహీనుడని ఒక ఉపమానం ఉందట. ఆ బైబిలునే నమ్మిన మనిషి ఇసుక మీద గోడ కట్టి గోదావరిని నిలిపాడు. నాకనిపించేదేమంటే, ఆయన అసలు పునాది ఇసుకలో లేదు. నది దేవుడిచ్చిన నిధి అనీ, దాన్ని బీదవాడి నోటికి అందించడం తన విధి అనీ ఆయన గట్టిగా నమ్మాడు. అదే ఆ పునాది. ఆ రోజుల్లోనే నరసాపురంలో బౌడన్, బీర్ అనే మిషనరీలు ఉండేవారు. 1836లో వచ్చిన వాళ్లు నోటితో చెప్పిన మతాన్ని కాటన్ చేత్తో చేసి చూపించాడని చెప్పవచ్చు.

విజ్జేశ్వరం దగ్గర బయలుదేరిన నీళ్లు ఏలూరు కాలువగా, నరసాపురం కాలువగా, మా ఉండి కాలువగా చీలి వచ్చాయి. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకూ ఆనకట్ట పడింది. కాలువల మీద పడవలు నడిచాయి. 1876-78లో దక్షిణదేశమంతా ధాత కరువుతో అల్లాడినప్పుడు మన డెల్టా తాను తిని, ఇతర్లకూ బియ్యం పంపింది.

ఇక్కడితో ఆపితే కథ సుఖాంతం. కాని నా మిత్రుడికి అసలు జవాబు ఆ తర్వాతి భాగంలోనే ఉంది.

1861లో సర్ బిరుదు వచ్చింది. ఉద్యోగం ముగిసింది. హాయిగా కూచోవచ్చు. ఆయన కూచోలేదు. రైళ్ల మీద కోట్లు పోసే బదులు కాలువలు తవ్వండని ఇంగ్లండంతా చాటాడు. రైళ్లంటే తెలియక కాదు. 1837లో మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్‌లో రాళ్లు మోయడానికి మన దేశంలో తొలి పట్టాలు వేయించినవాడు ఆయనే. ఆయన లెక్కలన్నీ నిజం కాలేదు కూడా. ఆయన ప్రోత్సహించిన కర్నూలు కడప కాలువ మీద అనుకున్నదానికంటే ఎక్కువ ఖర్చయింది. రాబడి రాలేదు. 1882లో ప్రభుత్వం దాన్ని కంపెనీ నుంచి కొనేసింది. 1878లో కామన్స్ సభ కమిటీ ముందు డెబ్బై అయిదేళ్ల ముసలివాడు నిలబడి కాలువల పక్షాన సాక్ష్యమిచ్చాడు. ప్రత్యర్థులు ఆ నష్టాలన్నీ ఎత్తి చూపారు. కమిటీ మొగ్గు ఆయన వైపు లేదు. ఆయన ఓడిపోయాడు.

శిస్తు కోసమే చేసిన నౌకరైతే పింఛను పుచ్చుకుంటూ ఎందుకు ఈ తిట్లు తింటాడు? ఆనకట్టవల్ల కుంపిణీకి శిస్తు పెరిగిన మాట నిజమే. శిస్తు పెరుగుతుందని ఆయనే ఆశ చూపి ఒప్పించాడు. అది వాళ్లకు అర్థమయ్యే భాష. కాని ఓడిపోయిన తర్వాత కూడా అదే మాట మీద నిలబడ్డాడే, దానికి జీతం లేదు. ముసలితనంలో సైతం డార్కింగ్‌లోని తన ఇంటి దగ్గర నేల లోతుగా తవ్వి గోధుమ పండించి దిగుబడి పెరుగుతుందేమోనని పరీక్షించేవాడు. 1899 జూలైలో, తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశాడు.

గోదావరి స్నానం చేసేటప్పుడు సంకల్పంలో ఆయన పేరు తలచే ఆనవాయితీ మన పండితుల్లో ఉంది. తనను దేవుణ్ణి చేస్తే ఆ క్రైస్తవుడు ఒప్పుకునేవాడు కాదు. నేనూ చేయను. మనిషిగానే ఆయన నాకు పనికొస్తాడు.

ఒక దాళ్వాలో కాలువకు వంతులవారీ నీళ్లు ఇచ్చారు. మా శివారు చేనుకు నీరు అందుతుందో లేదోనని నేనూ తాతయ్యా రాత్రంతా గట్టు మీద కాపలా ఉన్నాం. తెల్లవారుజామున బోదెలోకి నీళ్లు జరజరా వచ్చాయి. తాతయ్య దోసెడు నీళ్లు కళ్లకద్దుకుని ఏమీ మాట్లాడలేదు. ఆ దణ్ణం ఎవరికో తాతయ్యకు తెలుసునని నాకు ఇప్పుడర్థమైంది. మతం ఏదని ఆయన అడగలేదు. నీళ్లు వచ్చాయా లేదా అని చూశాడు.

మిత్రులారా, ఇప్పుడు మా వైపు మురుగు కాలువలు గుర్రపుడెక్కతో పూడుకుపోతున్నాయి. చేపల చెరువులు కొల్లేరు దాకా పాకాయి. మనకిచ్చిన నీటిని మనమెలా వాడుకుంటున్నామని ఆ ముసలి ఇంజనీరు వచ్చి అడిగితే ఏం చెబుతాం? ఆయన తన లెక్క తాను అప్పజెప్పి వెళ్లాడు. ఇక మన లెక్కే మిగిలింది.